నెగటివ్ మూలం, స్కాన్ వ్యాఖ్యానం

సాహిత్య సంచికలో కెమెరా రీళ్ళ గురించి వ్యాసమేమిటని కొందరు పాఠకులైనా అనుకుంటారు. అనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఫిల్మ్ మీద ఫొటోలు తీసి, కడిగించి, ఇంట్లో స్కాన్ చేసుకునే వ్యసనంలో కొన్నేళ్ళుగా పడి ఉన్న నాకు ఒక సంగతి రానురాను గట్టిపడుతోంది. ఈ సరదాలో అసలు చిక్కు కెమెరాది కాదు, లెన్సుది కాదు, పాఠానిది. ఏది మూలం, ఏది వ్యాఖ్యానం, ఏది ప్రక్షిప్తం అన్న చిక్కు. తాళపత్రాలు పట్టుకుని మన పండితులు రెండు వందల ఏళ్ళుగా తలలు బద్దలు కొట్టుకున్నది దీనితోనే. అందుకని ఈ పేజీల్లో దీనికీ కాస్త చోటుంటుందనే ధైర్యంతో రాస్తున్నాను.

ఈ సరదా సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. మెల్‌బోర్న్‌లో ఏ ఆదివారమైనా ఫిట్జ్‌రాయ్, బ్రన్స్‌విక్ వీధుల్లో ఒక గంట తిరగండి. పాతికేళ్ళు నిండని పిల్లలు తాతల నాటి కెమెరాలు మెడలో వేసుకుని కనబడతారు. 36 ఫొటోల కలర్ రీలు ఇప్పుడు ఇరవై డాలర్ల పైమాటే. కడిగి స్కాన్ చేసినందుకు మళ్ళీ దాదాపు అంత. అంటే మీట నొక్కిన ప్రతిసారీ ఒక డాలరు అటూ ఇటూ గాలికి పోయినట్టే. “ఫోన్లో ఊరికే వస్తుంటే ఇదేం పిచ్చండీ?” అని మా స్నేహితులు నన్ను అడుగుతూనే ఉంటారు. పిచ్చి నా ఒక్కడిదే అయితే కంపెనీలు పట్టించుకునేవి కావు. 2012లో దివాలా రక్షణ కోరిన కొడాక్, ఆపేసిన ఎక్టాక్రోమ్ ఫిల్మును 2018లో మళ్ళీ తెచ్చింది. 2024లో పెంటాక్స్ వాళ్ళు సరికొత్త ఫిల్మ్ కెమెరా ఒకటి విడుదల చేశారు. 36 ఫొటోల రీలు మీద 72 సగం ఫొటోలు తీస్తుందది. (పొదుపు మనకే కాదు, జపాను వాళ్ళకీ తెలుసు!)

ఈ ఊరికి ఫిల్ముతో ఉన్న అనుబంధం మనవాళ్ళలో చాలామందికి తెలియదు. థామస్ బేకర్ అనే మందుల తయారీదారు 1884లో మెల్‌బోర్న్ ఆబట్స్‌ఫర్డ్‌లో, యారా నది పక్కన, ఫొటోల కోసం గాజు పలకలు తయారుచేయడం మొదలుపెట్టాడు. జాన్ రౌజ్ భాగస్వామిగా చేరాడు. 1908లో ఆ వ్యాపారం ఈస్ట్‌మన్ కొడాక్‌తో కలిసి ఆస్ట్రేలియా కొడాక్ అయింది. ఆల్ఫ్రెడ్ ఆసుపత్రి పక్కనున్న బేకర్ ఇన్‌స్టిట్యూట్‌కి గుండె పరీక్షలకో షుగరు పరీక్షలకో వెళ్ళినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. 1926లో అది మొదలైంది ఈ బేకర్ గారి డబ్బుతోనే. కొడాక్ పెద్ద ఫ్యాక్టరీ తర్వాత ఉత్తరాన కోబర్గ్‌కి మారింది, 2004లో మూతబడింది. ఇప్పుడక్కడ కోబర్గ్ హిల్ పేరుతో ఇళ్ళున్నాయి. ఫిల్ము తయారుచేసిన నేల మీద ఇళ్ళు లేచాక, ఆ ఇళ్ళలో పెరిగిన పిల్లలు అమెరికాలో తయారైన ఫిల్ము కొనుక్కుని రోడ్డెక్కారు.

సరదాని నేను తప్పుపట్టడం లేదు. నాకు పేచీ ఉన్నది దాని చుట్టూ అల్లుకున్న మాటలతో. “ఫిల్ము నిజాయితీగా ఉంటుంది”, “డిజిటల్లో అంతా మాయ, ఫిల్ములో ఉన్నది ఉన్నట్టు వస్తుంది”, “ఈ రంగులు చూడు, సాఫ్ట్‌వేరుతో చేసినవి కావు” – ఫిల్మ్ ప్రియులు ఎక్కడ నలుగురు కలిసినా ఈ మాటలు వినబడతాయి. వాటిలో మొదటిది అతిశయోక్తి. రెండోది సగం నిజం. మూడోది శుద్ధ అబద్ధం.

ఎందుకో చెబుతాను. కలర్ నెగటివ్‌ని ఎప్పుడైనా కిటికీ వెలుతురుకెత్తి చూశారా? మొత్తం నారింజ రంగు. జుట్టు వెలిసిపోయి, తెల్లపంచె నల్లబడి, ఎర్రచీర ఆకుపచ్చగా మారి కనిపిస్తాయి. ఆ నారింజ తయారీలో వచ్చిన లోపం కాదు. ఫిల్ములోని రంగుద్రవ్యాలు నికార్సయినవి కావు, ఒకటి ఆపవలసిన వెలుగుతోపాటు పక్కదానినీ కొంత ఆపేస్తుంది. ఆ దొంగతనాన్ని సరిచేయడానికి పొరల్లోనే వేసిన ముసుగది. ఆ ముసుగు తొలగించి, తలకిందులైన వెలుగునీడల్ని నిలబెట్టి, నలుపు ఎక్కడ మొదలవ్వాలో తెలుపు ఎక్కడ ఆగాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తేగాని బొమ్మ పుట్టదు. నెగటివ్‌లో బొమ్మ లేదు, బొమ్మకి కావలసిన సరంజామా ఉంది.

తాళపత్రం గుర్తుకు రావడం లేదూ? అందులో పదాల మధ్య ఖాళీ ఉండదు, అక్షరాలన్నీ గొలుసుకట్టుగా సాగిపోతాయి. ఏ పదం ఎక్కడ విరవాలో పరిష్కర్త నిర్ణయించాలి. విరుపు మారితే అర్థం మారుతుంది. ఆ విరుపు కవి వేసింది కాదు, పరిష్కర్త వేసింది. స్కానర్ ముందు కూర్చున్నవాడు చేసేది కూడా అదే పని.

కానీ ఫిల్మ్ తీసేవాళ్ళలో నూటికి తొంభైమంది ఆ కుర్చీలో కూర్చోరు. ల్యాబుకి రీలు ఇస్తారు, రెండు మూడు రోజుల్లో మెయిల్లో ఫైళ్ళొస్తాయి. ఆ ఫైళ్ళలో వచ్చినదే ‘ఫిల్ము రంగు’ అని నమ్ముతారు. కొన్నేళ్ళ క్రితం పెళ్ళి ఫొటోల్లో ఒక లేత రంగుల మోజు నడిచింది, గుర్తుండే ఉంటుంది. అంతా పాలమీగడలా, ఆకులన్నీ వెలిసిన పుదీనాలా. అది పోర్ట్రా ఫిల్ము మహిమని అందరూ అనుకున్నారు. ఆ ఫిల్ముకి కావాలని ఎక్కువ వెలుతురు తగిలించి, ఫుజీ ఫ్రాంటియర్ అనే స్కానర్‌లో ఒక పద్ధతిలో పెడితే వచ్చే రంగు అది. అదే నెగటివ్‌ని నోరిట్సు స్కానర్‌లో పెడితే వేరే రంగొస్తుంది. ఇంట్లో ఎప్సన్ మీద పెడితే ఇంకో రంగు. మూడూ ‘ఫిల్ము రంగులే’. ఎవరి పాఠం వారిది.

ఈ గొడవ మనకెందుకంటారా? మనకే ఎక్కువ కావాలి. ఎందుకో ఒక పెళ్ళి ఫొటో చెబుతుంది.

రెండేళ్ళ క్రితం మా బంధువులమ్మాయి పెళ్ళికి ఇక్కడి గుళ్ళో నేనూ రెండు రీళ్ళు తీశాను. ఒక ల్యాబులో కడిగించి స్కాన్ చేయించాను. ఆ ల్యాబు పేరు ఇక్కడ అనవసరం. ఫైళ్ళు చూస్తే పెళ్ళికూతురు ఎర్రచీర ఇటుకపొడి రంగులో ఉంది. పసుపు రాసిన పాదాలకు ఎక్కడలేని ఆకుపచ్చ డాలు కొట్టింది. ముఖం పాలిపోయి, జ్వరం వచ్చి లేచినట్టుంది. బొట్టు అంచులు కరిగిపోయాయి. అదే నెగటివ్‌ని నేను ఇంట్లో పెట్టి, పక్కనున్న అరటిపిలకను చూసుకుంటూ, కొబ్బరిబోండాన్ని చూసుకుంటూ రంగులు దిద్దుకొచ్చాను. చామనఛాయ చామనఛాయగా వచ్చింది. కుంకుమ కుంకుమలా వచ్చింది. నెగటివ్‌లో అన్నీ ఉన్నాయి! ల్యాబు యంత్రం వాటిని చదవలేదు, అంతే.

యంత్రానికి మన మీద పగేమీ లేదు. దానికి నేర్పిన సూత్రం అలాంటిది. కొడాక్‌లో పనిచేసిన రాల్ఫ్ ఎవన్స్ అనే శాస్త్రజ్ఞుడు దశాబ్దాల క్రితం ఒక మంచి ఉపాయం కనిపెట్టాడు: లోకంలో ఏ దృశ్యంలోని రంగులన్నీ కలిపి కలియబెట్టినా సుమారుగా బూడిదరంగే వస్తుందని. ప్రింటు వేసే యంత్రం ప్రతి ఫొటోనీ ఆ బూడిదరంగు వైపు లాగితే చాలు, నూటికి ఎక్కువ పాళ్ళు సరిపోతాయి. ఆకాశం, గడ్డి, ఇల్లు, గోధుమరంగు కోటు ఉన్న ఫొటోలకి ఆ సూత్రం దివ్యంగా పనిచేస్తుంది. ఫొటో నిండా ఒకే రంగుంటే బోర్లా పడుతుంది. ఎర్ర తెరముందు ఎర్రచీర కట్టుకున్న మనిషిని చూసి, ‘ఇక్కడ ఎరుపు ఎక్కువైందే’ అనుకుని యంత్రం దానికి విరుగుడు రంగు కలుపుతుంది. ఈ వృత్తివాళ్ళు దీన్ని ‘సబ్జెక్ట్ ఫెయిల్యూర్’ అంటారు. అంటే తప్పు యంత్రానిది కాదట, ఫొటోలో ఉన్నవాళ్ళదట! ఆ లెక్కన మన పెళ్ళి, మన బతుకమ్మ, మన సంక్రాంతి గొబ్బిళ్ళు – పసుపు, కుంకుమ, బంతిపూలు ఉన్న ప్రతి శుభకార్యమూ పుట్టుకతోనే ఫెయిల్యూరన్నమాట.

చర్మం రంగు మాటకొస్తే కథ ఇంకా పాతది. కొడాక్ వాళ్ళు ల్యాబులకి రంగులు సరిచూసుకోడానికి ఒక నమూనా ఫొటో పంపేవారు. దాన్ని ‘షర్లీ కార్డు’ అనేవారు, మొదట్లో ఆ ఫొటోలో ఉన్న తెల్లజాతి అమ్మాయి పేరు మీదుగా. ఆ అమ్మాయి చర్మం బాగా వస్తే యంత్రం సరిగా ఉన్నట్టే. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో ఈ చరిత్రంతా వెలికితీసి రాశారు. అందులో నన్ను నిలిపేసిన సంగతి ఒకటుంది. ముదురు గోధుమ ఛాయల్లో తేడాలు రావడం లేదని కొడాక్‌ని గట్టిగా కదిలించిన ఫిర్యాదుల్లో చాక్లెట్ల కంపెనీలవీ, కర్రసామాన్ల వాళ్ళవీ ఉన్నాయట. మనుషుల ముఖాలు సరిగా రావడం లేదన్నది అంత బలమైన ఫిర్యాదు కాలేకపోయింది. 1990ల్లో గాని రకరకాల ఛాయల మనుషులున్న కార్డులు రాలేదు.

అలాగని నిందంతా కొడాక్ నెత్తిన రుద్ది చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. మన ఊళ్ళలో స్టూడియోల వాళ్ళు ఏం చేసేవారో మనకి తెలియదా? నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో ‘టచింగ్’ చేసేవారు. ముడతలు పోయేవి, మచ్చలు పోయేవి, ఛాయ ఒక మెట్టు తేలేది. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలకి రంగులు పూసి ఫ్రేము కట్టించేవారు. పెళ్ళిచూపులకు పంపే ఫొటో అయితే చెప్పనే అక్కర్లేదు. అందులో పిల్ల ఛాయ ఫొటోగ్రాఫరు నైపుణ్యాన్ని బట్టి ఉండేది. ఫిల్ము రోజుల్లో అంతా నిజమేనని నమ్మే కుర్రాళ్ళని ఓసారి తెనాలికో వరంగల్లుకో తీసుకెళ్ళి ఒక పాత స్టూడియో యజమాని ముందు కూర్చోబెట్టాలనిపిస్తుంది.

ఆస్ట్రేలియా వాళ్ళు తమ ఫొటోగ్రఫీ చరిత్రలో పెద్దగా చెప్పుకునే ఇద్దరి కథలూ ఈ సందర్భంలో చదవదగ్గవి. ఫ్రాంక్ హర్లీ పేరు వినే ఉంటారు. షాకిల్టన్‌తో దక్షిణధ్రువ యాత్రకి వెళ్ళి, 1915లో మంచులో నలిగిపోతున్న ఎండ్యూరెన్స్ ఓడలోంచి గాజు నెగటివ్‌ల పెట్టెల్ని చల్లటి నీళ్ళలో దిగి బయటికి తీసినవాడు. అన్నీ మోసుకెళ్ళడం సాధ్యం కాదు. అతనూ షాకిల్టనూ మంచు మీద కూర్చుని ఏరారు. సుమారు 120 పలకలు ఉంచుకుని, దాదాపు 400 పలకల్ని అక్కడికక్కడే పగలగొట్టారు, తర్వాత మనసు మార్చుకునే అవకాశం లేకుండా! ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నెగటివ్ విలువ అంత బాగా తెలిసిన మనిషి మరొకడు కనబడడు.

అదే హర్లీ, ఎలిఫెంట్ దీవి నుంచి సాయం కోసం చిన్న పడవ బయల్దేరుతున్నప్పుడు తీసిన ఫొటోని తర్వాత చెక్కి, మార్చి, దానికి ‘రక్షణ’ అని పేరుపెట్టి, తమని కాపాడటానికి వచ్చినప్పటి ఫొటోగా చూపించాడు. వీడ్కోలు స్వాగతమైపోయింది. 1917లో మొదటి ప్రపంచయుద్ధ రంగంలో వేర్వేరు నెగటివ్‌లు కలిపి ఒకే ఫొటోగా పేర్చాడు. ఆస్ట్రేలియా అధికారిక యుద్ధచరిత్రకారుడు చార్లెస్ బీన్ అవి నకిలీలని మండిపడ్డాడు. హర్లీ రాజీనామా చేస్తానన్నాడు. యుద్ధంలో ఉన్న గందరగోళమంతా ఒక్క నెగటివ్‌లో పట్టదని అతని వాదన. ఇద్దరిలో ఎవరి పక్షమని నన్నడిగితే బీన్ పక్షమే. కళాకారుడికి కలపడానికి హక్కుంది, కలిపానని చెప్పకుండా ఉండే హక్కు లేదు. హర్లీ బొమ్మలు గొప్పవి కావని కాదు. గొప్పవి కాబట్టే కోపం. బలహీనమైన ప్రక్షిప్తం దానంతటదే రాలిపోతుంది. బలమైనదే మూలాన్ని మింగేస్తుంది.

రెండో కథ మాక్స్ డూపెయిన్‌ది. న్యూసౌత్‌వేల్స్ తీరంలో కల్‌బరా దగ్గర సముద్రపుటొడ్డున బోర్లా పడుకున్న మనిషి భుజాలూ తలా మాత్రం కనిపించే ‘సన్‌బేకర్’ ఫొటో ఈ దేశంలో అందరికీ తెలుసు. 1937లో తీసినదిగా చెబుతారు. ఆస్ట్రేలియా అంటే అదే అన్నంత పేరొచ్చింది దానికి. కానీ ఆ రోజు తీసినవి రెండు నెగటివ్‌లు, చేతుల అమరికలో కాస్త తేడాతో. డూపెయిన్ ముందు ఎంచుకున్నది ఒకటి, 1948లో వచ్చిన ఆయన ఫొటోల పుస్తకంలో అచ్చయింది అదే. తర్వాత ఆ నెగటివ్ పోయింది. 1975లో సిడ్నీ ప్రదర్శన కోసం ఆయన రెండో నెగటివ్‌తో ప్రింటు వేశాడు. లోకప్రసిద్ధి పొందింది ఆ రెండోదే! మన భాషలో చెప్పాలంటే, కవి ఇష్టపడిన పాఠం నశించి పాఠాంతరం ప్రామాణికమై కూర్చుంది. రెండో నెగటివ్‌ని డూపెయిన్ ‘పనికిరాదు’ అని ఆ రోజే చెత్తబుట్టలో వేసి ఉంటే? స్కానులో బాగా రాలేదని నెగటివ్‌లు పారేసేవాళ్ళు ఈ కథ చదవాలి. పారేసేవాళ్ళేమిటి, అసలు తెచ్చుకోనివాళ్ళే ఎక్కువ. ల్యాబుల్లో ఆ నెగటివ్‌లు కొన్ని నెలలు ఎదురుచూసి, ఆ తర్వాత చెత్తలోకి వెళ్ళిపోతాయి. అంత డబ్బు పోసి ఫిల్ము కొని, కడిగించి, చివరికి మిగుల్చుకునేది ఒక జేపెగ్ ఫైలు! మూలగ్రంథం పారేసి గైడు దాచుకున్నట్టు.

ఇక్కడ సి.పి. బ్రౌన్ దొర గుర్తొస్తాడు. వేమన పద్యాల కోసం, ప్రబంధాల కోసం ఆయన ఊరూరా తిరిగి ఒక్కొక్క గ్రంథానికి దొరికినన్ని ప్రతులు సంపాదించాడు. కడపలో పండితుల్నీ లేఖకుల్నీ పెట్టుకుని వాటిని ఒకదానితో ఒకటి పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వెలువడ్డ ఆయన వేమన మీద ఎన్ని అభ్యంతరాలైనా ఉండనీయండి, ఆయనకి ఒక గుణం ఉంది. శుద్ధప్రతి తయారైంది కదా అని పాత ప్రతుల్ని పొయ్యిలో పెట్టలేదు. అందుకే తర్వాతవాళ్ళు ఆయనతో పోట్లాడగలిగారు. పరిష్కర్తకి ఉండవలసిన మొదటి సంస్కారం అదే. తనతో పోట్లాడటానికి వీలుగా మూలాన్ని మిగిల్చి పోవడం.

ఈ కొలతతో ‘మాయాబజార్’ రంగుల ప్రతిని కూడా ఓసారి చూద్దాం. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమాకి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. 2010లో హైదరాబాదు కంపెనీ ఒకటి దాన్ని కంప్యూటర్లతో రంగుల్లోకి మార్చి మళ్ళీ విడుదల చేసింది. ఇక్కడ పెరిగిన మన పిల్లల్లో చాలామందికి తెలిసిన మాయాబజార్ అదే. రంగులు వేసినవాళ్ళ శ్రమని నేను కొట్టిపారేయను. ఘటోత్కచుడు భోజనానికి కూర్చున్నప్పుడు ఆ రంగులు ముచ్చటగానే ఉన్నాయి. వెన్నెల దగ్గరికొచ్చేసరికి తేలిపోయింది. బార్ట్‌లే వెన్నెల బూడిదరంగులోని మెట్లతో కట్టింది. నీళ్ళ మీద ఒక మెట్టు, చెంప మీద ఒక మెట్టు, దూరపు చెట్ల మీద ఇంకొకటి. దాని మీద నీలం పూస్తే మెట్లన్నీ ఒకే చదునైపోయాయి. అయినా నాకు బెంగ లేదు, ఎందుకంటే బ్లాక్ అండ్ వైట్ ప్రతి పోలేదు, పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. వ్యాఖ్యానం నచ్చకపోతే మూలం తెరుచుకోవచ్చు.

ఇళ్ళలో ఆ వెసులుబాటు లేదు. మా పిన్ని కొడుకు ఈ మధ్య మా అమ్మమ్మ ఫొటోని ఫోన్లో ఏఐతో రంగుల్లోకి మార్చి కుటుంబం గ్రూపులో పెట్టాడు. ముప్ఫైమంది చప్పట్లు కొట్టారు. అమ్మమ్మ దబ్బపండు ఛాయలో మెరిసిపోతోంది. చీర నీలం. గడ్డం మీద పచ్చబొట్టు మాయం, దాన్ని మచ్చ అనుకుని తుడిచేసిందది. మా అమ్మకి ఫోన్ చేస్తే, “నీలమేంట్రా! అది వంకాయరంగు చీర. మీ తాతయ్య మంగళగిరి నుంచి తెచ్చింది. అయినా మా అమ్మ అంత తెలుపెప్పుడురా?” అంది. ఇదిగో, ఆ ఫొటో మొత్తంలో రంగు గురించి నమ్మదగ్గ సాక్ష్యం ఈ ఒక్క వాక్యం. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో రంగు లేదు, వెలుగు కొలత మాత్రమే ఉంది. వంకాయరంగూ ముదురునీలమూ అందులో ఒకటే. వాటిని వేరుచేయగలిగింది మా అమ్మ ఒక్కతే. ఆవిడకి ఎనభై ఒకటి.

వెలుగు కొలత కూడా అన్ని కాలాల్లోనూ ఒకటి కాదు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరై, 1905లో పోయిన రాజా దీన్‌దయాళ్ నాటి గాజు పలకలకు ఎరుపు సరిగా ఆనదు, నీలం ఎక్కువ ఆనుతుంది. అందుకే ఆ కాలపు ఫొటోల్లో ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది, ఎర్రబట్టలు నల్లబడతాయి, మన గోధుమ ఛాయలు ఉన్నదానికంటే ముదురుగా పడతాయి. ఈ సంగతి తెలియని ఏఐ ఆ ముఖానికి ఏ రంగు వేసినా ఊహాగానమే. దీన్‌దయాళ్ స్టూడియో గాజు నెగటివ్‌లు 2857 ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం దగ్గర భద్రంగా ఉన్నాయి కాబట్టి, ఎవరు ఏ రంగు వేసుకున్నా ఒకనాడు వెనక్కి వెళ్ళి సరిచూడవచ్చు. మా అమ్మమ్మ నెగటివ్‌కి కళాకేంద్రం లేదు, తెనాలి ఇంట్లో అటక మీద బిస్కట్ల డబ్బా ఉంది.

మీ ఇళ్ళలోనూ అలాంటి డబ్బాలు ఉండే ఉంటాయి. వాటిలో అగ్ఫా క్లిక్ త్రీతో తీసిన చదరపు నెగటివ్‌లుంటాయి, రీలుకి పన్నెండు. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళ ‘ఇందు’ ఫిల్ములుంటాయి. ఆ ఫ్యాక్టరీ కూడా మన కోబర్గ్ దారినే పోయింది. 80ల నాటి యాషికా కలర్ నెగటివ్‌లుంటాయి. ఆ కాలపు ఆల్బముల్లో ప్రింట్లు ఇప్పటికి ఎర్రబారిపోయి ఉంటాయి, ప్రింటులోని ఒక రంగు తక్కినవాటికంటే ముందు వెలిసిపోవడం వల్ల. చాలాసార్లు నెగటివ్ మాత్రం అంత చెడిపోదు. అందుకే ఆల్బమ్‌లోని ప్రింటుని ఫోన్‌తో ఫొటో తీసి ‘డిజిటైజ్ చేశాం’ అనుకునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. మూలం అటక మీదుండగా వ్యాఖ్యానానికి వ్యాఖ్యానం రాసుకుంటున్నారు!

డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే ఆలస్యం చేయకండి. పాత ఫిల్ము పట్టీ ఆమ్లంగా విరిగిపోతోందని గుర్తు. ఒకసారి మొదలైతే ఆగదు, కోస్తా ఉక్కపోత దాన్ని తరుముతుంది. ఇండియా వెళ్ళినప్పుడు నెగటివ్‌లు చేతిసంచిలో తెచ్చుకోండి. కడిగేసిన నెగటివ్‌లకి విమానాశ్రయం ఎక్స్‌రేతో భయం లేదు. కడగని రీళ్ళకే ప్రమాదం, ముఖ్యంగా ఇప్పుడు చాలాచోట్ల పెట్టిన కొత్త సీటీ యంత్రాలతో. వాటిని చేత్తో తనిఖీ చేయమని అడగాలి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అక్కడున్నవాళ్ళ చిత్తం.

స్కానింగు గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి నా మాట చెబుతాను. 35 మిల్లీమీటర్ల నెగటివ్‌ని 2400 డీపీఐ దగ్గర స్కాన్ చేస్తే సుమారు 77 లక్షల చుక్కలొస్తాయి. గోడకి పెట్టుకునే సైజు ప్రింటుకి అది చాలు. పెట్టె మీద 6400 అని రాసిన బల్లపరుపు స్కానర్లు నిజంగా అంత వివరం ఇవ్వవు. దుమ్ముచుక్కల్ని తనంతట తనే తుడిచే ‘డిజిటల్ ఐస్’ అనే మీట కలర్ నెగటివ్‌లకి బాగా పనిచేస్తుంది. వెండితో చేసిన బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకి మాత్రం అది నొక్కకండి. పరారుణ కిరణాలు వెండిని దాటలేవు కాబట్టి అది బొమ్మనే దుమ్మనుకుంటుంది. ‘ఆటో కలర్’ సంగతి పైన చెప్పాను. రంగులేవీ దిద్దని ముడి స్కాన్ ఒకటి టిఫ్ ఫైలుగా ముందు దాచండి, దిద్దుకునేది వేరే ప్రతి మీద దిద్దుకోండి. దిద్దినది ఎవరు, ఏ సంవత్సరం, ఏం మార్చారు అన్నది ఫైలులోనే రాయండి. మన కావ్యాలు అచ్చువేసిన పండితులు పుట అడుగున పాఠభేదాలు ఇచ్చేవారు, అలాగన్నమాట.

ఈ రాయడమనేది స్కానింగు కంటే కష్టమైన పని. నేను కిందటి డిసెంబరులో మొదలుపెట్టాను. అమ్మకి వీడియోలో ఒక్కో నెగటివ్ చూపిస్తూ, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. గంటకి నాలుగు ఫొటోలు మించి సాగదు. మధ్యలో ఎవరి పెళ్ళికి ఎవరు అలిగారో కథలొస్తాయి. కొన్ని ముఖాలు ఆవిడకీ గుర్తురావు. అప్పుడు కాకినాడలో ఉన్న పెద్దమ్మకి ఫోన్ వెళుతుంది. ఇద్దరికీ మాట కలవని చోట రెండూ రాస్తున్నాను: “అమ్మ పాఠం – చిలకాకుపచ్చ పరికిణీ. పెద్దమ్మ పాఠం – పరికిణీ కాదు, గౌను, అదీ పసుపుపచ్చ.” ఇప్పటికి 112 అయ్యాయి. డబ్బాలో ఇంకా మూడు వందల పైన ఉన్నాయి.